జనాభా లెక్కలలో మన భాష ఏది?

2021 ఆగస్టులో సిడ్నీ అంతా లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, బ్లాక్‌టౌన్‌లో మా తెలుగు తరగతికి వచ్చే పెద్దమ్మ ఒకరు మాకు ఫోన్ చేశారు. ఆమె జనాభా లెక్కల ఫారం నింపుతున్నారు. ఇంట్లో ఇంగ్లీషు కాక మరే భాష వాడతారన్న ప్రశ్న దగ్గర ఆగిపోయారు. "తెలుగు అని వ్రాయవచ్చునా, మాస్టారూ?" అని అడిగారు. అడిగింది ఫిజీ హిందీలో.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. మేమూ ఫిజీ హిందీలో పెరిగి, పెద్దయ్యాక తరగతుల్లో తెలుగు నేర్చుకున్నవాళ్ళమే. చూడడానికి ఇది చిన్న సందేహమే గాని, ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. భాషను లెక్కపెట్టడం ఎలా? ఆ లెక్కకు జవాబు చెప్పేవారి ధర్మమేమిటి?

మొదటిది చూద్దాం. బియ్యం తూచినట్లు భాషను తూచలేము. అడిగే ప్రశ్నను బట్టి అంకె మారుతుంది. భారతదేశపు లెక్కల్లో మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. 2011లో ఆ విధంగా తెలుగువారు 8 కోట్ల 11 లక్షలని తేలింది. అవే లెక్కల్లో భోజ్‌పురి తమ మాతృభాష అని చెప్పినవారు 5 కోట్ల మంది ఉన్నా, వారిని హిందీ కింద కలిపి చూపారు. మారిషస్‌ లెక్కల్లో రెండు ప్రశ్నలు వేసిన సందర్భాలున్నాయి: పూర్వీకుల భాష ఏది, ఇంట్లో మాట్లాడే భాష ఏది. అక్కడి తెలుగు సంతతివారు మొదటిదానికి తెలుగు అని, రెండవదానికి క్రియోల్ అని వ్రాస్తే రెండూ నిజమే. ఆస్ట్రేలియాలో భాషా ప్రశ్న వాడుకను గూర్చి మాత్రమే. ఇంగ్లీషు కాక ఇంకా రెండు మూడు భాషలుంటే, ఎక్కువగా వాడేదాన్ని ఒక్కదాన్నే వ్రాయాలి.

మరి పెద్దమ్మకు తెలుగు అని వ్రాయాలని ఎందుకనిపించింది? 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవు మీదుగా సుమారు 15 వేల మంది గిర్మిట్ కూలీలు ఫిజీకి వెళ్ళారు. వారి పాసుల్లో పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, చివరకు ఒంటిమీది మచ్చలు కూడా వ్రాశారు. భాషకు మాత్రం గడి లేదు. చెరకు తోటల్లో పని హిందూస్తానీలో నడిచింది. మన వారు దాన్ని నేర్చుకోక తప్పలేదు. మనుమల కాలానికి అదే ఇంటి భాష అయింది. 1941లో ఏర్పడిన దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం తెలుగును నిలపడానికి పాటుపడింది. 1987 సైనిక తిరుగుబాట్ల తరువాత మనలో చాలామంది ఆస్ట్రేలియాకు వచ్చారు. తాతను ఎవరూ అడగని ప్రశ్న మనుమరాలిని అడిగితే, తాత తరఫున జవాబు చెప్పాలనిపించడం సహజం.

ఇక రెండవ ప్రశ్న. "తెలుగు అనే వ్రాయండి, సంఖ్య పెరిగితే బడికీ గ్రంథాలయానికీ మేలు" అని మన తరగతిలోనే కొందరన్నారు. వారి ఉద్దేశం మంచిదే. కాని అంకెలు అక్కడితో ఆగవు. ఒక ప్రాంతంలో ఏ భాషకు ఎందరు దుబాసీలు కావాలో ఆలోచించేటప్పుడు కూడా ఈ లెక్కలనే చూస్తారు. రేపు ఆసుపత్రిలో డాక్టరు మాట ఆ పెద్దమ్మకు అర్థం కావాలంటే కావలసింది ఫిజీ హిందీ తెలిసిన దుబాసీ. మనమంతా తెలుగు అని వ్రాస్తే, ఆ సాయం అవసరమైన వారే లెక్కలో కనిపించకుండా పోతారు. గౌరవం కోసం ఉత్త "హిందీ" అని వ్రాసినా అదే నష్టం. ఫిజీ హిందీ సిగ్గుపడవలసిన భాష కాదు. తోటల్లో అన్ని ప్రాంతాల వారూ ఒకరితో ఒకరు కష్టం చెప్పుకున్న భాష అది.

ఆస్ట్రేలియాలో తెలుగు వాడేవారు 2016లో సుమారు 34 వేలు, 2021లో 59 వేలు. ఆంధ్ర, తెలంగాణల నుండి కొత్తగా వచ్చినవారి వల్ల ఆ సంఖ్య పెరుగుతూనే ఉంది. మన అబద్ధం దానికి అక్కర లేదు.

అయితే తాత మాట ఎక్కడ వ్రాయాలి? దానికి అదే ఫారంలో వేరే చోటుంది. పూర్వీకుల వంశం ఏదన్న ప్రశ్నకు రెండు జవాబుల వరకు ఇవ్వవచ్చు. అక్కడ తెలుగు అని వ్రాయడం నూటికి నూరుపాళ్ళు నిజం. మేము మర్నాడు పెద్దమ్మకు ఫోన్ చేసి ఇదే చెప్పాము. ఆమె కాసేపు ఊరుకుని, "అయితే భాష గడిలో తెలుగు వ్రాయాలంటే ఇంట్లో మాట్లాడాలన్నమాట" అన్నారు. ఈసారి తెలుగులో అన్నారు, తడుముకుంటూ.

జనాభా లెక్కలు అయిదేళ్ళకొకసారి వస్తాయి. ఫారం వచ్చిన రోజున నిజం వ్రాద్దాం. మధ్యలో ఉన్న రోజుల్లో, వచ్చిన నాలుగు తెలుగు మాటలైనా అన్నం దగ్గర పిల్లలతో మాట్లాడదాం.