పిడికి వచ్చిన గిరాకీ

అమెరికాలో పాత రివాల్వర్లు సేకరించేవాళ్లలో కొందరు తుపాకీ జోలికి పోకుండా, దాని పిడిని మాత్రమే ఆన్‌లైన్ వేలంలో పాడుకుంటారు. రెండు చెక్కలు, వాటిని బిగించే ఒక మర, అంతే సరుకు. ఒకప్పుడు తుపాకుల సంతల్లో బల్ల కింద అట్టపెట్టెలో పోసి, చేతికందినకాడికి ఇచ్చేసిన వస్తువులివి. ఇప్పుడు వీటిలో కొన్ని రకాలు వందల డాలర్లు పలుకుతున్నాయి. తుపాకీ పేలడానికి పనికిరాని ముక్కకు ఇంత ధరేమిటని ఎవరికైనా అనిపిస్తుంది.

మన ఇళ్లలో ఉండే మరచెంబును గుర్తు చేసుకోండి. రైలు ప్రయాణంలో నీళ్లు పట్టుకెళ్లే ఆ ఇత్తడి చెంబు మూత పోయిందంటే, ఇంకో చెంబు మూత తెచ్చి పెడితే మర పట్టదు. చెంబు అటక మీద ఉంటుంది, మూత ఎక్కడుందో ఎవరికీ తెలియదు. సరిగ్గా ఆ మూతే ఎవరి దగ్గరైనా ఉంటే, వాడు దాన్ని ఇత్తడి తూకం లెక్కన ఇస్తాడా? ఇవ్వడు. మీ చెంబుకున్న కొరతను లెక్కగట్టి అమ్ముతాడు. రివాల్వర్ పిడి కథ కూడా ఇంతే. ఇక్కడ ధర పలికేది చెక్కకు కాదు, వెలితికి.

రివాల్వర్ వెనక భాగంలో ఉక్కు చట్రం సన్నగా కిందికి వంగి ఉంటుంది. దానికి అటొక చెక్క, ఇటొక చెక్క ఆనించి మధ్యలో మర బిగిస్తే పిడి అవుతుంది. మామూలు వాడుకలో వీటిని గ్రిప్స్ అంటారు, పాతకాపులు స్టాక్స్ అంటారు. స్క్రూడ్రైవర్ ఉంటే నిమిషంలో ఊడొస్తాయి. ఈ కథంతా ఆ సుళువులోంచే పుట్టింది.

కంపెనీ ఇచ్చిన పిడి చాలామంది చేతికి చిన్నదయ్యేది. 1935లో తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెసన్ 357 మాగ్నమ్ అనే జోరైన రివాల్వర్ తెచ్చింది, 1955 చివర్లో 44 మాగ్నమ్ వచ్చింది. పేలిన ప్రతిసారీ వెనక్కి తన్నే ఆ దెబ్బకు కంపెనీ పిడి అరచేతిని నలిపేది. అందుకని కొన్నవాళ్లు కంపెనీ చెక్కలు ఊడదీసి, తమ చేతికి నప్పేవి చేయించుకునేవాళ్లు. 1930లలో వాల్టర్ రోపర్ రూపొందించిన పిడులు, ఆ తర్వాత ఐడహో రాష్ట్రం ట్విన్ ఫాల్స్‌లో హెరెట్ సంస్థ చేసినవి ఆ అవసరంలోంచే వచ్చాయి. తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని పాక్‌మేయర్ సంస్థ రబ్బరు పిడులు తెచ్చింది. వానలో జారవు, చెమటకు చెడవు, చౌక. పోలీసులు వాటికే అలవాటు పడ్డారు.

మరి ఊడదీసిన చెక్కలు ఏమయ్యాయి? బల్ల సొరుగులో కొన్నాళ్లు, గ్యారేజీలో కొన్నేళ్లు, ఇంటి పెద్ద పోయాక చెత్తబుట్టలో. 1980, 90లలో అమెరికా పోలీసు శాఖలు రివాల్వర్లు వదిలి సెమీ ఆటోమేటిక్ పిస్తోళ్లకు మారాయి. పాత రివాల్వర్లు రబ్బరు పిడులతోనే బజారుకొచ్చాయి. ఉక్కు నిలిచింది, చెక్క పోయింది. ఫ్యాక్టరీ ఒక్కో తుపాకీకి ఒక్కో జతే ఇచ్చింది గనక, లక్షల తుపాకుల్లో ఎన్నింటికి సొంత పిడి మిగిలిందో అంత మేరకే సరుకు. కొత్తగా పుట్టేది లేదు.

సేకరించేవాడికి మాత్రం తుపాకీ ఫ్యాక్టరీ గుమ్మం దాటిన రోజున ఎలా ఉందో అలాగే కావాలి. రబ్బరు పిడి వేసుకున్న 1956 నాటి రివాల్వర్ వాడి కంటికి మూత లేని మరచెంబే.

ఒక జతను దగ్గరగా చూద్దాం. వాల్‌నట్ కలప. చెయ్యి జారకుండా సన్నటి గళ్లు చెక్కి ఉంటాయి. పైభాగంలో కంపెనీ ముద్ర ఉన్న చిన్న లోహపు బిళ్ల. మర దిగే చోట గళ్లు చెక్కకుండా వదిలేసిన వజ్రం ఆకారపు నున్నటి జాగా కనిపిస్తే అది 1968కి ముందుదని అర్థం, ఆ ఏడాది స్మిత్ అండ్ వెసన్ ఆ వజ్రాన్ని మానేసింది. చెక్కేవాడి పని కాస్త తగ్గించిన ఆ చిన్న మార్పు ఇవాళ రెండు ధరల మధ్య గోడ. ఇప్పుడు కుడివైపు చెక్కను తిప్పి లోపలి ముఖం చూడండి. చాలా పాత జతల మీద తుపాకీ క్రమసంఖ్య పెన్సిల్‌తో రాసో, అచ్చు గుద్దో ఉంటుంది. అది చట్రం మీది సంఖ్యతో కలిసిందా, ఆ జత పుట్టినప్పటి నుంచీ ఆ తుపాకీదే. డెబ్బై ఏళ్ల కింద ఏ కార్మికుడో పెన్సిల్‌తో గీకిన అంకెలకు ఇవాళ డబ్బు.

1950ల రెండో సగంలో పెద్ద చట్రం రివాల్వర్ల కోసం చేసిన ఒక రకం ఉంది. మధ్యలో ఉబ్బి, పైనా కిందా సన్నబడి ఉంటుంది. కోకాకోలా సీసాను తలపిస్తుందని దాన్ని కోక్ పిడి అంటారు. తొలి 44 మాగ్నమ్‌లతో వచ్చింది ఇదే. 1971లో క్లింట్ ఈస్ట్‌వుడ్ డర్టీ హ్యారీ సినిమాలో ఆ తుపాకీ పట్టుకున్నాక దాని మోజు పెరిగింది, దాంతో పాటు పిడిది కూడా. ఇవాళ అందరూ వెతికేది దీన్నే. కోల్ట్ కంపెనీ 1955లో తెచ్చిన పైథాన్‌ది కూడా అదే దారి. 2010లో మొదలైన ది వాకింగ్ డెడ్ సీరియల్లో కథానాయకుడి చేతిలో పైథాన్ కనిపించాక పాత పైథాన్లకు రెక్కలొచ్చాయి. తుపాకీకి వేలు పోసినవాడు పిడి దగ్గర వందలకు వెనకాడడు కదా.

ఇంటర్నెట్ ఇందులో చేసింది పెళ్లిళ్ల పేరయ్య పని. ఒహాయోలో ఒకరి సొరుగులో జత ఉంది, టెక్సాస్‌లో ఒకరి దగ్గర దానికి సరిపోయే తుపాకీ ఉంది, ముప్ఫై ఏళ్లు ఒకరికొకరు తెలియదు. 1995లో ఈబే, 1999లో గన్‌బ్రోకర్ అనే వేలం సైట్లు వచ్చాక ఆ ఇద్దరూ కలిశారు. ఈబే 1999లోనే తుపాకుల అమ్మకం ఆపేసింది, పిడులకు మాత్రం అభ్యంతరం లేదు. అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో క్రమసంఖ్య ఉన్న చట్రమే తుపాకీ, పిడి కాదు. లైసెన్సున్న దుకాణం అక్కర్లేదు, డబ్బాలో పెట్టి పోస్టు చేస్తే చాలు. పాత తుపాకుల లోకంలో ఇంత స్వేచ్ఛగా చేతులు మారే సరుకు తక్కువ.

ఇక పాట సంగతి. ఈబేలో మీరు ఎంతవరకు వెళ్లగలరో ముందే రాసిపెడతారు. మీరు 600 డాలర్లు రాశారు, ఎదుటివాడు 150 రాశాడు అనుకోండి, ధర 150కి ఒక మెట్టు పైన ఆగుతుంది. అంటే ఒకడి పిచ్చి ధరను పెంచలేదు, ఇద్దరి పిచ్చి పెంచుతుంది. ఆ రెండోవాడు ఆ వారం వేలం చూశాడా లేదా అన్నదాన్ని బట్టే ఒకే రకం జత ఒకసారి 170కి, ఇంకోసారి 580కి పోతుంది. చివరి క్షణంలో పాడి ఎగరేసుకుపోయే అలవాటు ఈబేలో ఎక్కువ, ఎందుకంటే అక్కడ గడువు గడువే. గడువు పొడిగించే వేలాల్లో ఈ పోకడ తగ్గుతుందని 2002లో ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఆకెన్‌ఫెల్స్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కలతో చూపించారు. వాళ్లు చూసింది ఈబే, అమెజాన్ వేలాల్ని. గన్‌బ్రోకర్‌లో ఆఖరి 15 నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మళ్లీ సాగుతుంది. అక్కడ తగ్గేది తొందర, పెరిగేది పంతం. మన ఊళ్లలో వినాయకుడి లడ్డూ పాట చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఒక పెద్ద పాట పడగానే అదే రకం ఉన్నవాళ్లంతా ఆ అంకె పెట్టుకుని కూర్చుంటారు. నెలల తరబడి అమ్ముడుపోకుండా వేలాడే ఆ అంకెల్ని చూసి ధరలు పెరిగాయని అనుకోవడం పొరపాటు. చూడాల్సింది అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర. ఇంకో సంగతి, ఇంటర్నెట్ అన్నిటినీ పైకి లేపలేదు. 1970, 80ల నాటి మామూలు టార్గెట్ పిడులు, అంటే గురి సాధనకు చేసినవి, ఎంత విరివిగా ఉన్నాయో అందరికీ కనిపించేసరికి వాటి మీద మోజు అంతగా పెరగలేదు. పెరిగింది అరుదైనవాటికే.

ఈ గిరాకీలో నాకు నచ్చనిది ఒకటుంది. పిడితో సహా అమ్మితే వచ్చేదానికంటే విడివిడిగా అమ్మితే ఎక్కువొస్తుందని తేలాక, కొందరు వ్యాపారులు తుపాకీ, పిడి, దాంతో వచ్చిన పాత అట్టపెట్టె, స్క్రూడ్రైవర్ దేనికది అమ్ముతున్నారు. డెబ్బై ఏళ్లు విడిపోకుండా ఉన్న జత ఆ పూటకు విడిపోతుంది. పిడి కోల్పోయిన ఆ తుపాకీ కొన్నవాడు రేపు మళ్లీ వేలానికి వస్తాడు. ఒక చెంబు మూత పీకి ఇంకో చెంబుకు పెట్టే బేరం ఇది, మొత్తం మీద మూతలు ఒక్కటీ పెరగవు.

కలప కాని పిడులది వేరే లెక్క. అమెరికా సేనాని జనరల్ ప్యాటన్ 1916లో కొన్న కోల్ట్ రివాల్వర్‌కు ఏనుగు దంతపు పిడి ఉండేది, దాని మీద ఆయన పేరు పొడి అక్షరాలు చెక్కి ఉంటాయి. ఇప్పుడు దంతం పేరెత్తితేనే చిక్కు. ఈబే 2009 నుంచి దంతాన్ని నిషేధించింది. 2016లో అమెరికా ప్రభుత్వం ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారాన్ని కొద్ది మినహాయింపులతో దాదాపు మూసేసింది. దుప్పి కొమ్ము పిడుల్లో మాత్రం మన అడవుల పాత్ర ఉంది. సాంబర్ దుప్పి, మన అడవి పల్లెల్లో కణుజు అనేది, దాని కొమ్ము లోపల గుల్ల తక్కువ, గట్టిదనం ఎక్కువ. అందుకే ఇంగ్లండులోని షెఫీల్డ్ కత్తుల పిడులకూ, అమెరికా రివాల్వర్లకూ భారతదేశం నుంచి రాలిన కొమ్ములు ఓడలకెక్కేవి. ఆ ఎగుమతిని మన దేశం ఆపేసింది. అప్పటిదాకా వెళ్లిన కొమ్ముతో చేసినవి ఇప్పుడు చేతులు మారుతున్నాయి.

ధర ఉన్నచోట నకిలీ ఉంటుంది. అసలు దంతాన్ని అడ్డంగా కోసిన వైపు చూస్తే ఒకదాన్నొకటి దాటే సన్నటి గీతల వల కనిపిస్తుంది, ఎముకలో సూదిమొనంత రంధ్రాలుంటాయి, ప్లాస్టిక్‌లో ఈ రెండూ ఉండవు. చెక్కల్లోనైతే అంచులు చూడాలి. ఇసుక కాగితంతో రుద్ది కొత్తగా మెరిపించిన జత చట్రం కంటే కాస్త లోపలికి దిగి ఉంటుంది. ఫొటోలో మెరుపు ఎక్కువగా ఉండి, లోపలి ముఖం ఫొటో లేకపోతే అడగండి. ఇవ్వనన్నవాడి దగ్గర కొనకండి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడ పోస్టులో తిరిగే ఈ చెక్కల్ని ముచ్చటపడి సూట్‌కేసులో వేసుకుని శంషాబాద్‌లో దిగకండి. మన 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అన్న మాటకిచ్చిన అర్థంలో విడిభాగాలు కూడా ఉన్నాయి. దంతమో దుప్పికొమ్మో అయితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కూడా తోడవుతుంది.