గద్వాల మగ్గానికి సర్కారు సాయం

ప్రభుత్వం చేయూతనిస్తే ఏ వృత్తి అయినా వర్ధిల్లుతుందనే అభిప్రాయం లోకంలో ఉంది. ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తన ‘ముఖద్దిమా’లో ఈ విషయాన్ని రెండు వైపుల నుండి పరిశీలించారు. రాజ్యమే అన్నిటికన్నా పెద్ద బజారు గనుక అది కొన్నప్పుడే చేతిపనులు రాణిస్తాయని ఒకచోట అన్నారు. పాలకుడే వర్తకానికి దిగితే ప్రజలు నష్టపోతారని మరొకచోట హెచ్చరించారు.

పాత పాలమూరు జిల్లాలో ఈ రెంటికీ నిదర్శనాలున్నాయి. గద్వాల, వనపర్తి, నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్ కేంద్రంగా ఉండిన జటప్రోలు నిజాం ఏలుబడిలో సంస్థానాలు. గద్వాల చీర సంస్థానపు ఆదరణలోనే పేరు గడించింది. నూలు ఒడలు, పట్టు అంచు గల ఈ చీరలో అంచు పేకనూ ఒడలి పేకనూ నేతలోనే కలుపుతారు. దీనినే కుప్పడం అంటారు. ఇది తీరిక, నేర్పు కోరే పని. నేర్పుకు వెల కట్టే కొనుగోలుదారు ఉంటేనే నిలుస్తుంది.

1976లో కేంద్రం ప్రారంభించిన జనతా వస్త్రాల పథకం ఇందుకు భిన్నమైనది. చదరపు మీటర్ల లెక్కన సబ్సిడీ ఇచ్చి ముతక చీరలు, ధోవతులు నేయించారు. దేశంలో అనేకమందికి పని దొరికిన మాట నిజమే. కాని కూలి స్వల్పం, నేర్పుతో నిమిత్తం లేదు. 1990ల దశకంలో పథకం ముగిసేసరికి దానిపైనే ఆధారపడిన సంఘాలకు వేరే బజారు లేకపోయింది.

ఇక తెలంగాణ ఏర్పడ్డాక ‘చేనేత మిత్ర’ కింద నూలు, పట్టు, రంగులపై 40 శాతం రాయితీ ప్రకటించారు. అయితే గద్వాలలో నేతగాళ్ళు అధికంగా మాస్టర్ వీవర్ల వద్ద కూలికి నేసేవారే. నూలు కొనేది ఒకరు, నేసేది మరొకరు అయినప్పుడు నూలుపై రాయితీ ఎవరికి చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు. 2017 జూన్‌లో మొదలైన పొదుపు పథకం ఈ విషయంలో మెరుగు: నేతగాడు కూలిలో 8 శాతం వేస్తే ప్రభుత్వం 16 శాతం కలిపి అతని ఖాతాలోనే జమచేసింది.

నేతగాళ్ళ ముద్ర ఋణాలకు వడ్డీ 6 శాతమే. వడ్డీ ధర్మసమ్మతం కాదన్న మాట అటుంచినా, చీర అమ్ముడుపోకపోతే నష్టమంతా అప్పు తీసుకున్నవానిదే. ముజారబత్‌లో పెట్టుబడి నష్టం పెట్టుబడిదారునిది, శ్రమ నష్టం శ్రామికునిది. అటువంటి ఏర్పాటు ఏ పథకంలోనూ కనబడదు.

గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. కొన్ని రకాలను చేనేతకే కేటాయించే చట్టం 1985 నాటిది. అయినా మరమగ్గపు నకళ్ళు అదే పేరుతో చవకగా అమ్ముడవుతున్నాయి. వాటిని పట్టుకోవడానికి సబ్సిడీ అవసరం లేదు, దుకాణాలు తనిఖీ చేసే ఉద్యోగులు చాలు.