చెకుముకి తుపాకి మరలు విప్పే పేచ్‌కస్

“సార్, ఎంత గట్టిగా నొక్కిపట్టినా స్క్రూడ్రైవర్ గాడిలోంచి పైకి ఎందుకు లేస్తుంది?” మేడ్చల్‌లో వర్క్‌షాపు పాఠం చెబుతుంటే ఒక కుర్రాడు అడిగాడు. చేతిలో బలం చాలక అంటారు చాలామంది. అసలు లోపం మొన ఆకారంలో ఉంది. ఈ సంగతిని చెకుముకి తుపాకులు బాగుచేసినవాళ్లంత క్షుణ్ణంగా ఎరిగినవాళ్లు లేరని నా నమ్మకం.

ఆ తుపాకులు పట్టిన సిపాయిల చోటు మాకు దగ్గరే. మేడ్చల్ నుంచి వచ్చినా, శామీర్‌పేట నుంచి వచ్చినా నగరంలోకి పెద్దదారి సికింద్రాబాద్ కంటోన్మెంట్ మీదుగానే. 1806లో నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాద్ వెలిసేనాటికి అక్కడి సిపాయిల భుజాన ఉన్నవి ఈ తుపాకులే. అంతకుముందు నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ తీర్చిదిద్దిన పటాలాలవీ, 1798 అక్టోబరులో బ్రిటిషువారు ఆ పటాలాల చేత కింద పెట్టించినవీ ఇవే.

ఆ తుపాకిని పేల్చే యంత్రంలో నాకు ఎంతో ఇష్టమైన తెలివి ఒకటుంది. ట్రిగ్గరు నొక్కగానే, దవడల మధ్య చెకుముకి రాయిని కరిచిపట్టిన సుత్తి ముందుకు దూకి ఉక్కు పలకను గీరుతుంది. రాలే నిప్పురవ్వలు రాతివి కావు, మండుతున్న ఉక్కు రజను. అదే దెబ్బకు పలక ముందుకు తెరుచుకుని, కింద పళ్లెంలోని రంజకం బయటపడుతుంది. అంటే రవ్వ పుట్టించేదీ మూత తీసేదీ ఒకే పలక. రంజకం భగ్గుమని, గొట్టం పక్కనున్న సన్నని రంధ్రం గుండా లోపలి మందును అంటిస్తుంది.

రాయి కొన్ని పదుల దెబ్బలకే అరిగిపోతుంది. దవడ మర వదులు చేసి రాయిని తిప్పి బిగించాలి. నల్లమందు మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తింటుంది కనుక, అప్పుడప్పుడూ యంత్రాన్నంతా విప్పి తుడవాలి. అందుకే సిపాయి దగ్గర మరలు తిప్పే చిన్న పనిముట్టు, రంధ్రం పొడిచే సూది, పళ్లెం ఊడ్చే కుంచె ఉండేవి.

ఆ రోజుల్లో తుపాకి మరలన్నీ చేతిపనే. ఒక మర దాని రంధ్రానికే సరిపోతుంది, పక్కదానికి పట్టదు. గాడి కూడా సన్నటి ఆకురాయితో కోసిందే, చాలా ఇరుకు. అందుకని పేచ్‌కస్ (స్క్రూడ్రైవర్) మొనను ఆ గాడి కొలతకే అరగదీసుకోవాలి.

మొన వెడల్పు గాడి పొడవంత ఉండాలి. పిడికి మనమిచ్చే మెలిక, గాడి రెండు కొసల దగ్గర ఎదురెదురు తోపులుగా మారుతుంది. వెడల్పు సగమైతే అదే మెలికకు తోపు రెట్టింపు కావాలి, అంచు నలుగుతుంది. మందం గాడికి అతికినట్టుండాలి. ఇక ముఖాల సంగతి. బజారు స్క్రూడ్రైవర్ మొన కిందికి పోయేకొద్దీ పలచబడుతుంది. కాబట్టి గాడి గోడలను నిండుగా ఆనదు, పైఅంచును మాత్రమే తాకుతుంది. తోపు ఎప్పుడూ ముఖానికి లంబంగా ఉంటుంది కనుక, ముఖం వాలితే అందులో కొంత పైకి తిరుగుతుంది. ఒక్కో వైపు 5 డిగ్రీల వాలుంటే దాదాపు 9 శాతం! పొడి ఇనుము మీద రాపిడి దాన్ని ఆపగలదు. నూనె పట్టిన మరలో రాపిడి కూడా ఆ మాత్రానికే దిగజారుతుంది. జారిన ప్రతిసారీ అంచు గుండ్రబడి, మొన మరింత తేలిగ్గా జారుతుంది. తుపాకి పనివాళ్ల మొన చివర రెండు ముఖాలూ సమాంతరంగా ఉంటాయి. తోపంతా పక్కకే పోతుంది, పైకి లేపే బలం ఉండదు. మా కుర్రాడికి జవాబు ఇదే.

ఉక్కు పదును కూడా ముఖ్యమే. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది, కానీ పెళుసవుతుంది. మళ్లీ సుమారు 300 డిగ్రీలకు మెల్లగా కాచి, నీలిరంగు తిరగగానే ఆపితే విరగకుండా నిలుస్తుంది.

ఒక మర ఒక రంధ్రానికే అనే కట్టడిని తెంచాలని చూసినవాడు ఫ్రాన్సులో తుపాకులు చేసే ఒనోరె బ్లాంక్. ఆయన తుపాకి యంత్రాల భాగాలను కలగాపులగం చేసి, చేతికందినవి ఏరి 1785లో అక్కడి అమెరికా రాయబారి జెఫర్సన్ తానే బిగించి చూశాడు. అవి కుదిరాయి! మరలు కోసే మాడ్స్లే లేతు, 1841లో మరలకు విట్‌వర్త్ కొలతలు వచ్చాక మరలు ఒకదానికొకటి పోలాయి. 1840లలో బ్రిటిష్ సైన్యం చెకుముకి రాయిని వదిలి, దెబ్బకు పేలే టోపీల తుపాకులకు మారింది. 20వ శతాబ్దంలో రాబర్ట్‌సన్ చతురస్రపు గాడి, ఫిలిప్స్ ప్లస్ గాడి వచ్చాయి.

పాత తుపాకి కానీ, గోడగడియారం కానీ, అమ్మమ్మ కుట్టుమిషను కానీ, విప్పే ముందు మొనను గాడిలో నిలబెట్టి చూడండి. కదిలిందంటే మరను తిప్పకండి. ముందు మొనను ఆకురాయితో సమాంతరంగా అరగదీసుకోండి.