ఒకవైపే కడలి ఉన్న దీవి

బంగాళాఖాతానికీ, తూర్పు కనుమల్లో 1,501 మీటర్ల ఎత్తున నిలిచిన మహేంద్రగిరికీ నడుమ, శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఇరుకైన పట్టెలా సాగే ఇసుక నేలకు ఉద్దానం అని పేరు. ఉద్యానం అన్న సంస్కృతపు మాటే జనం నోట నలిగి ఉద్దానమైందని అంటారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లోని పల్లెలను చూస్తే ఆ పేరు తగినదేననిపిస్తుంది. ఇళ్ళ కప్పుల కంటే ముందు కొబ్బరి తలలు కనిపిస్తాయి, కొబ్బరి కింద జీడిమామిడి, గట్ల మీద పనస, మునగ, ఎక్కడా ఎండ నేరుగా నేలను తాకదు. దక్షిణాన దీనికి గీత గీసినట్టు ఒక సరిహద్దు లేదు గాని, వ్యవసాయం మారే తీరు ఆ సరిహద్దును చూపిస్తుంది. కోటబొమ్మాళి మండలం నిమ్మాడ వైపు వంశధార ఎడమ కాలువ పేరు చెప్పుకునే వరి మళ్ళు ఉంటాయి. గొట్టా ఆనకట్ట దగ్గర పుట్టిన ఆ కాలువ టెక్కలి మీదుగా పలాస దిక్కుకు పోయేకొద్దీ సన్నబడుతుంది, శివారు రైతుకు నీటి కంటే నీటి కబురే ఎక్కువగా అందుతుంది. కాలువ చేతులెత్తేసిన చోట నుంచి చెట్టు మొదలవుతుంది.

ఈ నేలను అర్థం చేసుకోవడానికి ఎక్కడో దూరాన ఉన్న ఒక దీవి సాయపడుతుంది. మధ్యధరా సముద్రంలోని దీవులన్నిటిలో పెద్దది సిసిలీ. బూటు ఆకారపు ఇటలీ బొటనవేలి ముందు, సుమారు 25,700 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో, మూడు మూలల ఆకారంలో ఉండే ఆ దీవిలోనూ ఒకవైపు కొండలు, వాటికి తోడు ఎట్నా అగ్నిపర్వతం, అంచుల్లో ఇరుకైన తీర మైదానాలు, ఆ మైదానాల నిండా తోటలు కనిపిస్తాయి. సిసిలీ ముందు ఉద్దానం చాలా చిన్నది. వాతావరణం వేరు, చరిత్ర వేరు, రెంటినీ తూకం వేసి సమానమనడం తప్పు. అయినా చెట్టును నమ్ముకుని బతికే సమాజాలకు ఎదురయ్యే చిక్కులు ఎక్కడైనా ఒక్క తీరుగానే ఉంటాయన్న సంగతి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినప్పుడే తెలిసివస్తుంది.

పరదేశపు చెట్టు, ఇంటి పేరు

సిసిలీకి నిమ్మను తెచ్చినవారు అరబ్బులు. 827లో ఆ దీవి మీద అడుగుపెట్టిన వారు నిమ్మ, చేదు నారింజ, చెరకు వంటి పంటలతో పాటు నీటిని మళ్ళకు మళ్ళించే విద్యను కూడా తీసుకువచ్చారు. ఉద్దానపు జీడిమామిడి కూడా వలస మొక్కే. దక్షిణ అమెరికాలోని బ్రెజిల్ తీరం దాని పుట్టిల్లు, పోర్చుగీసు నావికులు 16వ శతాబ్దిలో దానిని పడమటి కోస్తాకు చేర్చగా, ఇసుక కదలకుండా పట్టి ఉంచే గుణం వల్ల తూర్పు తీరానికీ పాకింది. తెలుగువారు దానికి పెట్టిన పేరులో ఒక చిన్న తమాషా ఉంది. జీడి అంటే అసలు అడవిలో దొరికే నల్లజీడి, అంటే బట్టల మీద చాకళ్ళు గుర్తు పెట్టడానికి వాడిన గింజ. దాని రసం ఒంటికి తగిలితే పొక్కుతుంది. కొత్త చెట్టు పిక్క తొక్కలోనూ అదే మంట ఉండడం వల్ల, ఆకు, పూత, పండు మామిడిని గుర్తు చేయడం వల్ల, రెండు పాత పేర్లను కలిపి జీడిమామిడి అన్నారు. పండుగా కనిపించేది నిజానికి ఉబ్బిన తొడిమ, అసలైన కాయ దాని కొసన వేలాడే పిక్క. బజారులో కిలోల లెక్కన ఖరీదు పలికే తెల్లని పప్పు ఆ పిక్క లోపల, మండే నూనె నిండిన పెంకు వెనుక దాగి ఉంటుంది.

ఆ పెంకును దాటించడమే పలాస పరిశ్రమ. పలాస, కాశీబుగ్గ జంటపట్టణాల్లోనూ చుట్టుపక్కలా రెండు వందలకు పైగా ఉన్న జీడి కర్మాగారాల్లో పిక్కలను ముందు ఎండబెడతారు, ఆవిరిలో ఉడికిస్తారు లేదా కాలుస్తారు, చల్లారాక ఒక్కొక్కటిగా కోస్తారు, లోపలి పప్పును వేడి గదిలో ఆరబెట్టి ఎర్రని పొర ఒలుస్తారు, చివరికి గుడ్డు, బద్ద, ముక్క అని వేరు చేస్తారు. విరగని పప్పును గుడ్డు అని, నిలువునా రెండుగా చీలినదాన్ని బద్ద అని పిలుస్తారు. గుడ్లలో మళ్ళీ ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 180 తూగేవి, 240 తూగేవి, 320 తూగేవి అని రకాలు, అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. కోతలోనూ ఒలుపులోనూ ఎక్కువమంది ఆడవాళ్ళే పని చేస్తారు, పెంకు నూనె వేళ్ళను తినేయకుండా బూడిదో ఆముదమో రాసుకుని కూర్చుంటారు. యంత్రాలు వచ్చాక కోత తీరు చాలా మారింది గాని, గుడ్డును గుడ్డుగా బయటికి తీయడంలో చేతి నేర్పు విలువ పూర్తిగా పోలేదు.

ఇక్కడే ఆర్థిక శాస్త్రపు ముడి ఒకటి పడుతుంది. చుట్టూ జీడితోటలున్న ఊళ్ళో ఉన్నా, పలాస కర్మాగారాలు ఏడాది పొడవునా నడవడానికి స్థానిక పంట సరిపోదు. ఐవరీ కోస్ట్, బెనిన్, టాంజానియా వంటి ఆఫ్రికా దేశాల పిక్కలు ఓడల్లో విశాఖపట్నం వంటి రేవులకు చేరి అక్కడి నుంచి లారీల్లో వస్తాయి. ఆ పిక్క ఎంతకు దిగితే ఇక్కడి రైతు బస్తా దాదాపు అంతకే అమ్ముడవుతుంది. ఉద్దానంలో పిక్కలను 80 కిలోల బస్తా లెక్కన కొంటారు. ఆ బస్తాకు 16,000 రూపాయల మద్దతు ధర కావాలని రైతులు ఇటీవలి సంవత్సరాల్లో రోడ్డెక్కిన కారణం ఇదే. చెట్టు తనది, నేల తనది, పూతకాలంలో మంచు కురిసినా టీ దోమ రసం పీల్చినా నష్టం తనది, ధర మాత్రం ఏడు సముద్రాల అవతల తేలుతుంది. ఇలాగే 19వ శతాబ్దిలో సిసిలీ నిమ్మకాయ న్యూయార్కు రేవులో పలికిన ధరను బట్టి ఆ దీవిలోని పలెర్మో తోటమాలి పొయ్యి వెలిగింది, అమెరికాలోనే నిమ్మ పండడం మొదలయ్యాక ఆ పొయ్యి చల్లబడింది.

జమీను, జముకు

తోటల నేల ప్రశాంతంగా ఉంటుందని దూరంనుంచి చూసేవారికి అనిపిస్తుంది. కానీ సిసిలీలో తీరపు తోటల వెనుక లాటిఫండియా అనే పెద్ద భూస్వామ్య కమతాలుండేవి. 1890ల తొలి సంవత్సరాల్లో అక్కడి కూలీలు, కౌలుదార్లు ఫాషి అనే సంఘాలుగా ఏకమయ్యారు, 1894లో ఆ ఉద్యమాన్ని అణచడానికి సైన్యాన్ని పంపిన ఇటలీ ప్రధాని క్రిస్పీ తానే సిసిలీవాడు. ఉద్దానం వెనుకనున్నది మందస జమీను. కళింగ శైలిలో కట్టిన వాసుదేవాలయం, కోట, ఈనాటికీ పేరు చెబితే నోరూరించే మందస కోవా ఆ పట్టణానికి ఒక ముఖం. అడవి నుంచి కర్ర తెచ్చుకునే హక్కు కోసం గుడారి రాజమణిపురం రైతులు జమీందారును ఎదిరించినప్పుడు 1940 ఏప్రిల్‌లో జరిగిన కాల్పుల్లో నేలకొరిగిన వీర గున్నమ్మ రెండో ముఖం. అదే ఏడాది అఖిల భారత కిసాన్ సభ మహాసభకు పలాస వేదిక కావడం కాకతాళీయం కాదు.

ఆ తరువాతి తరం కథ దేశమంతటికీ తెలిసింది. 1967 అక్టోబరు 31న ఏజెన్సీలోని లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులను కాల్చి చంపడంతో రాజుకున్న శ్రీకాకుళ రైతాంగ పోరాటానికి ఉద్దానంలో బొడ్డపాడు ఒక కేంద్రమైంది. ఆ ఊరి గుడిలో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను పోరాటపు గొంతుగా మలిచి, 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో మరణించారు. జముకు అంటే ఒకవైపు తోలు మూసి, దాని నడుమ నుంచి తీసిన తీగను మీటి మోగించే వాద్యం. ఉత్తరాంధ్ర పల్లెల్లో అమ్మవారి సంబరాల్లో ఎల్లమ్మ కథలు చెప్పడానికి పుట్టిన ఆ వాద్యం, యాదవుల తప్పెటగుళ్ళు, ఒడియా ఇళ్ళలోని పండగలు, అన్నీ ఈ తీరంలో ఒకే గాలిలో కలుస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో భాగం కావడంతో, సోంపేట, ఇచ్ఛాపురాల్లో రెండు భాషలూ ఇంటి భాషలే. బల్లిపుట్టుగ, ప్రగడపుట్టుగ వంటి ఊరి పేర్లు వింటే, దక్షిణాది తెలుగువాడికి అవి తెలుగు పేర్లని వెంటనే తోచదు.

రేవు లేని తీరం

ఆంధ్రప్రదేశ్‌లో ఏ జిల్లాకూ లేనంత పొడవైన తీరం, 193 కిలోమీటర్లు, పాత శ్రీకాకుళం జిల్లాకు ఉంది. ఒకప్పుడు కళింగపట్నం, బారువ రేవుల్లో ఆవిరి ఓడలు ఆగేవి, అక్కడ ఎక్కిన కూలీలు రంగూను రేవులోనూ బియ్యపు మిల్లుల్లోనూ తేలేవారు. 1930 మే నెలలో రంగూను అల్లర్లలో దెబ్బతిన్న ఓడరేవు కూలీలు తెలుగువారే. సిసిలీవాసులకు న్యూయార్కు ఏమైందో ఈ తీరానికి రంగూను అదయింది. సిసిలీలో ఫైలోక్సెరా అనే పురుగు ద్రాక్షతోటల వేళ్ళను తినేశాక, ఫాషిల పోరాటం ఓడిపోయాక, 1900 నుంచి 1914 వరకు సుమారు పది లక్షల మంది ఆ దీవిని విడిచిపోయారు. బర్మా తలుపు 1942 యుద్ధంతో మూతపడినా ఉద్దానపు వలస ఆగలేదు, దారి మాత్రం మారింది. హైదరాబాదు, చెన్నై, అండమాన్, గల్ఫ్ దేశాలు, మత్స్యకారులకైతే గుజరాత్‌లోని వెరావల్. సొంత తీరంలో మరపడవ నిలిపే రేవు లేక, నాటు పడవలను ఇసుక మీదికి లాక్కోవలసిన కుర్రవాళ్ళు పరాయి తీరంలో కూలికి వేటాడుతూ 2018 నవంబరులో పాకిస్తాన్ గస్తీకి చిక్కి, 2020 జనవరిలో విడుదలయ్యారు. ఈ సంఘటన ఆధారంగా 2025లో ‘తండేల్’ సినిమా వచ్చింది. బోటుకు నాయకత్వం వహించేవాడిని తీరంలో తండేల్ అంటారు.

వేటగాడు చోటు వెతుక్కున్నట్టే, ఈ తీరానికి పెట్టుబడి కూడా చోటు వెతుక్కుంటూ వచ్చింది. వాననీరు నిలిచే పల్లపు నేలను సోంపేట వైపు బీల అని, కాకరాపల్లి వైపు తంపర అని పిలుస్తారు. కాగితాల్లో బంజరుగా రాసిన ఆ నేలలే చేపకూ పశువుకూ పైరుకూ ఆధారం. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రాలు కట్టబోయినప్పుడు 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. నౌపడ ఉప్పుమళ్ళ పక్కన, చిత్తడి మడుగులకు దగ్గరగా ఉన్న తేలినీలాపురం చింతచెట్ల మీద ఏటా గూడుకట్టే గూడబాతులను ‘సైబీరియా పక్షులు’ అని ఊరంతా పిలుస్తుంది. ఆ జాతి నిజానికి దక్షిణాసియాదే, అయినా వాటిని దూరదేశపు ఆడపడుచులుగా భావించి కాపాడే మర్యాద ముందు ఆ పొరపాటు లెక్కలోకి రాదు. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన ఓడరేవు పూర్తయితే, టెక్కలి చుట్టూ తవ్వే నీలి గ్రానైటుకు దగ్గర దారి దొరుకుతుంది. అది వేటగాడి పడవకు కూడా చోటిస్తుందా అన్నది వేరే ప్రశ్న, అసలైన ప్రశ్న కూడా అదే.

నీరు, గాలి

ఉద్దానం పేరు వైద్య గ్రంథాల్లోకి చేరింది తోటల వల్ల కాదు. చక్కెర వ్యాధి, రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేకుండానే మూత్రపిండాలు నెమ్మదిగా కుదించుకుపోయే జబ్బు ఇక్కడ దశాబ్దాలుగా వ్యవసాయ కూలీలను, చిన్న రైతులను ఎంచుకున్నట్టు పట్టుకుంటోంది. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో నీరు తాగకుండా చేసే పని, నొప్పి మాత్రలు, ఇలా అనుమానాలు అనేకం ఉన్నా కారణం ఇదని తేలలేదు. మధ్య అమెరికాలోని చెరకు పొలాల్లోనూ శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ ఇలాంటి జబ్బే ఉంది. మధ్యధరాకు ఎగువనున్న బాల్కన్ పల్లెల్లో ఇటువంటి దానికి గోధుమలో కలిసిన ఒక కలుపు మొక్క విషం మూలమని తేలడానికి యాభై ఏళ్ళు పట్టింది. కారణం తెలిసేదాకా ఆగకుండా, 700 కోట్ల రూపాయల పథకంతో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల్లో ఉద్దానానికి తెచ్చారు, పలాసలో 200 పడకల ఆసుపత్రిని, మూత్రపిండాల పరిశోధనా కేంద్రాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. సిసిలీని దీవిగా చేసింది సముద్రం. జాతీయ రహదారి, హౌరా రైలు మార్గం నడిమధ్య నుంచి పోతున్న ఉద్దానాన్ని దీవిగా చేసినవి తాగునీరు, రేవు, ధర. ఆ మూడింటిలో మొదటిది మాత్రం ఇలా ఆలస్యంగా గొట్టంలో వచ్చింది.

గాలి సంగతికి గొట్టాలు లేవు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు దగ్గరలో, గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి, పనస తేడా లేకుండా నేలకు ఒరిగాయి. వరి పోతే వచ్చే కారుకు మళ్ళీ నారు పోస్తారు. పొడుగు రకం కొబ్బరి తొలి గెల వేయడానికి ఆరు నుంచి ఎనిమిదేళ్ళు, నిండు కాపుకు రావడానికి ఇంకొన్నేళ్ళు పడుతుంది, ఆ తరువాత అరవై ఏళ్ళయినా కాస్తుంది. అందువల్ల కూలిన చెట్టుకు ఇచ్చే పరిహారం ఒక పంట లెక్క కట్టినా, పోయింది తాత నాటి మనవడికి ఇచ్చిన జీతం. తుపాను తరువాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే తొలి గెలలకు వస్తున్నాయి. వాటిని పాతిన ఇళ్ళలో చాలావాటికి ఇప్పుడు కాయ దింపడానికి చెట్టెక్కగలవాడు లేడు. వాడు విశాఖ మీదుగా ఎప్పుడో రైలెక్కి వెళ్ళిపోయాడు.