రాగాగ్లిటజార్: హైదరాబాదులో పుట్టిన అణువు, మూత్రపిండం అడిగే ప్రశ్న

రక్తంలోని కొవ్వును తగ్గించే మందులు మధుమేహం వల్ల వచ్చే మూత్రపిండ వ్యాధినీ నిదానింపజేయగలవా అన్న అన్వేషణలో తెలుగునేలకూ ఒక పాత్ర ఉంది. కల్లం అంజిరెడ్డి 1993లో హైదరాబాదులో నెలకొల్పిన డాక్టర్ రెడ్డీస్ రీసెర్చ్ ఫౌండేషన్, దేశంలోని ప్రైవేటు కంపెనీలు చాలావరకు తెలిసిన మందుల తయారీకే పరిమితమైన రోజుల్లో కొత్త అణువుల సృష్టికి పూనుకొని, 1997లో బాలగ్లిటజోన్‌ను, 1998లో రాగాగ్లిటజార్‌ను అభివృద్ధి చేసే హక్కులను డెన్మార్కు కంపెనీ నోవో నార్డిస్క్‌కు ఇచ్చింది. రెండింటిలో సాహసోపేతమైనది రాగాగ్లిటజార్.

కణకేంద్రకంలో ఉండి జన్యువుల పనిని నియంత్రించే ప్రోటీన్లలో పీపార్ అనే గ్రాహకాల కుటుంబం ఒకటి. అందులో ఆల్ఫా రకం కొవ్వు ఆమ్లాలను దహించే ఎంజైముల ఉత్పత్తిని పెంచితే, గామా రకం కణాలు ఇన్సులిన్‌కు బాగా స్పందించేటట్లు చేస్తుంది. కొవ్వును తగ్గించే మందు ఫెనోఫైబ్రేట్ ఆల్ఫాను, మధుమేహానికి వాడే పయోగ్లిటజోన్ గామాను ప్రేరేపిస్తాయి. ఆ రెండు పనులనూ ఒకే అణువుతో సాధించాలన్నది హైదరాబాదు రసాయనవేత్తల సంకల్పం. అయితే మూడో దశ పరీక్షలు సాగుతున్న 2002లో, మందు ఇచ్చిన ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించడంతో నోవో నార్డిస్క్ ఆ పరీక్షలను నిలిపివేసింది. అది బాధాకరమైన నిర్ణయమే గాని సరైన నిర్ణయం. అదే రెండు గ్రాహకాలను ప్రేరేపించే సారోగ్లిటజార్ 2013లో మన దేశంలో అనుమతి పొందింది. దాన్ని రూపొందించినది అహ్మదాబాదుకు చెందిన జైడస్.

మూత్రపిండానికి ఈ గ్రాహకాలతో ఏమి పని? వడపోత జరిగిన ద్రవం నుంచి ఉప్పును, గ్లూకోజును తిరిగి రక్తంలోకి చేర్చే సూక్ష్మనాళికల కణాలకు ప్రధాన ఇంధనం కొవ్వు ఆమ్లాలే. మూత్రపిండం దెబ్బతిన్నప్పుడు ఆ దహనం మందగించి, కాలని కొవ్వు కణాల్లోనే పేరుకుంటుంది. ఈ దహనలోపమే మచ్చకణజాలం ఏర్పడటానికి దారితీస్తుందని, ఫెనోఫైబ్రేట్ ఆ మచ్చను తగ్గిస్తుందని కాటలిన్ సుస్తాక్ బృందం ఎలుకలలో చూపి 2015లో ప్రచురించింది. కాబట్టి రక్తంలో కొవ్వు ఎంత తగ్గిందన్నదానికంటే, కణం తన కొవ్వును ఎంత దహించుకోగలుగుతోందన్నదే ఇక్కడ కీలకమని తోస్తుంది. మూత్రపిండ వ్యాధి ఉన్న 9,270 మందిపై జరిగి 2011లో వెలువడిన షార్ప్ పరీక్షలో, రక్తంలో కొవ్వును తగ్గించే సిమ్వాస్టాటిన్, ఎజెటిమిబ్ కలిపి ఇస్తే గుండెపోటు వంటి రక్తనాళ ప్రమాదాలు తగ్గినా, మూత్రపిండ వ్యాధి ముదరడం ఆగకపోవడం ఈ అభిప్రాయానికి కొంత బలమిస్తుంది.

మనుషుల్లో అత్యంత ఆసక్తికరమైన ఆధారం ఫీల్డ్ పరీక్షది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫిన్లాండ్‌లలో 9,795 మంది మధుమేహులపై జరిగిన అందులో, మూత్రంలోకి కారే అల్బుమిన్ అనే ప్రోటీను ఫెనోఫైబ్రేట్ వాడినవారిలో 24 శాతం, మందు లేని ఉత్త మాత్ర తీసుకున్నవారిలో 11 శాతం తగ్గింది. మందు మొదలుపెట్టగానే, మూత్రపిండాలు వడపోసి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరగడం వైద్యులను కలవరపెట్టింది గాని, పరీక్ష ముగిశాక 661 మందిలో మందు ఆపి ఎనిమిది వారాల తరవాత కొలిస్తే, ఫెనోఫైబ్రేట్ వాడినవారి మూత్రపిండాల వడపోత శక్తే మెరుగ్గా నిలిచిందని తేలింది. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు పట్నం ప్రయాణం మారుమూల ఊళ్ళ కుటుంబాలను ఎంత కుంగదీస్తుందో తలచుకుంటే, ఒక పాత మాత్ర ఆ గతిని వాయిదా వేయగలదేమోనన్న ఆశ చిన్నది కాదు. కాని చివరిదశ మూత్రపిండ వైఫల్యం ఫెనోఫైబ్రేట్ వర్గంలో 21 మందికి, రెండో వర్గంలో 26 మందికి వచ్చింది. ఇంత కొద్ది తేడాతో ఏ నిర్ణయానికీ రావడం సాధ్యం కాదు.