విరాసత్ హిస్సాకు పాపిరస్ లెక్క

"విరాసత్ లెక్క మాకు తెలీదు" అనే మాట హిందూపురంలో, పెనుకొండలో వింటూనే ఉంటాం. సగం చేయడం వస్తే చాలు.

క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఈజిప్టు లేఖకుడు అహ్మోస్ హైరాటిక్ లిపిలో రాసిన లెక్కల పాపిరస్ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పదిమందికి రొట్టెలు పంచే లెక్కలూ అందులో ఉన్నాయి. 2/3 తప్ప వాళ్ల భిన్నాలన్నీ సగం, పావు, ఎనిమిదో వంతు లాంటివే. ఖురాన్ చెప్పిన హిస్సాలూ 1/2, 1/4, 1/8, 1/3, 1/6, 2/3.

ధర్మవరంలో ఒకాయన చనిపోయారనుకోండి. అప్పులు, మెహర్, వసియత్ పోగా 24 లక్షలు మిగిలాయి. తల్లిదండ్రులు లేరు, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. ఈజిప్టువాళ్లలా సగం చేస్తూ పోండి: 12, 6, 3. భార్యకు 3 లక్షలు. మిగతా 21లో కొడుక్కి 14, కూతురికి 7.

"పెళ్లికి ఖర్చుపెట్టాం కదా" అని ఆ 7 కొట్టేసే లెక్క షరియత్‌లో లేదు.