మైదా, బంక, ఆ తర్వాత ఇంగువ

చిటికెడు పోపులో పడితే పక్కింటికీ తెలుస్తుంది. డబ్బాలో ఎంతుందో మాత్రం కొన్నవాళ్లకు తెలియదు. సికింద్రాబాద్ కార్ఖానా దుకాణాల్లో ఇంగువ డబ్బాలను వెనక్కి తిప్పి చూస్తే...

డబ్బా ముందు ‘ఇంగువ’ అని నాలుగు భాషల్లో పెద్ద అక్షరాలు. వెనక్కి తిప్పితే, కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకొని చదవాల్సినంత సన్నటి అచ్చులో వేరే సంగతి: తినే బంక, మైదా, ఇంగువ. ఇంకో కంపెనీ డబ్బా తీశాను. అందులో మైదా ముందుకొచ్చి బంక రెండోదైంది. ఇంగువ మాత్రం మూడోస్థానం వదల్లేదు. ప్యాకెట్ మీద దినుసుల పేర్లు ఇష్టమొచ్చిన వరసలో రాయడానికి మన దేశంలో వీల్లేదు. బరువులో ఏది ఎక్కువో అది ముందు రావాలి. పేరు ఎవరిదో, సరుకు ఎవరిదో ఆ వరసే చెప్పేస్తోంది.

‘వానలు మొదలయ్యాయి, ఎవర్ని కదిపినా అజీర్తే. ఇంగువ మీద ముఖచిత్ర కథనం రాయండి. వంటిల్లూ రావాలి, వైద్యమూ రావాలి. గురువారం రాత్రికి పేజీలు వెళ్లిపోతాయి’ అన్నారు మా ఎడిటర్ గారు. సరేనన్నాను గానీ ఒక మాట ముందే చెప్పాలి. మాది కరీంనగర్ వైపు, వెల్లుల్లి ఇల్లు. పప్పులోకైనా పచ్చిపులుసులోకైనా చితక్కొట్టిన నాలుగు రెబ్బలు పడితేనే మాకది పోపు. ఇంగువ నాకు పెళ్లయ్యాక అత్తగారింట్లో పరిచయమైంది. గ్యాసుకు ఇంగువ, కడుపునొప్పికి ఇంగువ, పిప్పిపన్నుకు ఇంగువ అని ఆవిడ చెప్పినప్పుడల్లా తలూపేదాన్ని. అన్నిటికీ పనిచేసే మందు దేనికీ పనిచేయదని లోపల అనుకునేదాన్ని. ఈ కథనంలో ఆ అనుమానం ఘాటు తగిలితే దానికి బాధ్యత నాదే.

కార్ఖానాకు వెళ్లడానికి కారణముంది. సికింద్రాబాద్ కంటోన్మెంటులోని ఈ పేటలో రిటైరైన మిలటరీ కుటుంబాలున్నాయి. తరాలుగా ఉంటున్న తమిళులున్నారు. రాజీవ్ రహదారి వెంట వచ్చి స్థిరపడిన మా జిల్లాల వాళ్లున్నారు, గోదావరి వైపు నుంచి ఉద్యోగాలకొచ్చిన వాళ్లున్నారు. ఇక్కడి కిరాణా కొట్లో ఇంగువ అరను చూస్తే ఎవరెవరి వంటిళ్లు ఎలా నడుస్తాయో సగం తెలిసిపోతుంది. పసుపుపచ్చ పొడి, గోధుమరంగు గడ్డ, కాగితంలో చుట్టినా వేలికి అంటుకునే నల్లటి ముద్ద అన్నీ ఒకే అరలో ఉంటాయి.

‘పొడి కావాల్నా, ముద్ద కావాల్నా మేడమ్?’ అన్నాడు కొట్టతను. తేడా ఏమిటన్నాను.

‘పొడి రోజూ పప్పుకి. పచ్చళ్లు పెట్టే ఆంటీలు ముద్దే అడుగుతరు. తమిళోళ్లు గడ్డ తీస్కపోతరు. కొత్తగ కాపురం పెట్టినోళ్లకు పొడే.’

‘వీటిలో అసలుది ఏది?’

‘అన్నీ అసలువే మేడమ్. కలిపినవి, గంతే.’

తప్పించుకోవడానికి అన్న మాటేమో అనుకున్నాను. తీరా చూస్తే చట్టం కూడా అచ్చంగా ఇదే అంటోంది. ఈ కథనం కోసం తిరగేసిన కాగితాల్లో నన్ను పట్టి కూర్చోబెట్టింది ఆయుర్వేద గ్రంథమూ కాదు, వంటల పుస్తకమూ కాదు. 2011 నాటి ఆహార ప్రమాణాల నిబంధనల్లోని కొన్ని పంక్తులు. వాటిలో ఇంగువ రెండు చోట్ల వస్తుంది. మొదటిది అసలు ఇంగువ. ఫెరులా జాతి మొక్కల వేళ్ల నుంచి కారి గట్టిపడిన పాలు. ఇందులో పిండి ఒక శాతం దాటకూడదు. రెండోది ‘కాంపౌండెడ్’, అంటే కలిపిన ఇంగువ. వ్యాపారులు బాంధానీ హింగ్ అంటారు. ఇరానీ హింగో, పఠానీ హింగో, రెండూనో తీసుకుని తుమ్మబంక, తినే పిండి చేర్చి తయారుచేసేది. ఇరానీ, పఠానీ అన్న మాటలు నేను పెట్టినవి కావు, నిబంధనలోనే ఉన్నాయి. బూడిద శాతాల నడుమ ఉన్నట్టుండి కాబూల్ బజారు ప్రత్యక్షమైనట్టయింది నాకు.

అసలు కీలకం దాని తర్వాతి అంకెలో ఉంది. కలిపిన ఇంగువలో ఆల్కహాల్‌లో కరిగే భాగం 5 శాతానికి తగ్గకూడదు. బంక ఆల్కహాల్‌లో కరగదు. పిండీ కరగదు. కరిగేది ప్రధానంగా ఇంగువలోని రెసిన్, ఘాటు నూనె. అందుకే లోపల ఇంగువ ఏపాటిదో పట్టుకోవడానికి ప్రయోగశాల ఆ కొలత వాడుతుంది. పైన్ జిగురు లాంటి పరాయి రెసిన్లు కలిపితే ఈ కొలతను ఏమార్చవచ్చు కాబట్టి వాటిని నిషేధించారు. మంచి సరుకు చేసేవాళ్లు 5 శాతం కన్నా ఎక్కువే ఉంచవచ్చు. కొన్ని డబ్బాల మీద ఇంగువ ఎంత శాతమో అచ్చు వేశారు కూడా. మిగతావాటి మీద వరస ఒక్కటే మనకు ఆధారం.

ఇది మోసం కాదు. కలపకపోతే వాడలేం. అసలు ముద్దలో ఆవగింజంత ఎక్కువ పడితే పప్పు చేదెక్కుతుంది. అది గోటికీ, గరిటకూ, పోపులపెట్టెకూ అంటుకుని ఓ పట్టాన వదలదు. పిండీ బంకా కలిపాకనే దాన్ని ‘చిటికెడు’ అని కొలవడం వీలవుతుంది. మన పెద్దలు ఇంగువ కట్టిన గుడ్డ అని ఊరికే అనలేదు. సరుకు పోయాక కూడా వాసన మిగులుతుంది. వంటకు ఆ వాసన చాలు. చిక్కంతా అదే డబ్బా మందులపెట్టె పక్కన చేరినప్పుడే.

ఆహార కల్తీని ఇంట్లోనే పసిగట్టడానికి ఆహార భద్రత సంస్థ ఒక చిట్కా ప్రచారం చేస్తోంది. స్టీలు చెంచాలో కాస్త ఇంగువ వేసి కాలిస్తే, అసలుదైతే కర్పూరంలా వెలుగుతూ మండుతుంది. కార్ఖానాలో కొన్న ముద్దలో పెసరగింజంత తుంచి చెంచాలో పెట్టి, పొయ్యి మంట చూపించాను. ముందు మెత్తబడి బుడగలు కక్కింది, తర్వాత నూనె కారింది, ఆ పైన పచ్చటి మంట లేచి నల్లటి మసి విడిచింది. కిటికీలు తెరిచినా ఆ వాసన రాత్రి దాకా పోలేదు. పొడి సంగతి వేరు. అంచుల్లో మాడింది, కాలిన రొట్టె వాసన కొట్టింది, నల్లబడి ఊరుకుంది. ఈ పరీక్ష ప్రకారం పొడి తప్పినట్టే. కానీ దాని మీద ‘కాంపౌండెడ్’ అని రాసే ఉంది, చట్టం దాన్ని ఒప్పుకుంటోంది. పిండి కలిపి అమ్మవచ్చని ఒక కాగితం, పిండి కలిస్తే వెలగదని ఇంకో కాగితం. రెండూ నిజమే. రెండూ ఒకే వస్తువు గురించి కావని విడమరచి చెప్పేవాళ్లే లేరు.

కార్ఖానా మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక కర్రీ పాయింట్ ఉంది. నడిపే ఆవిడది కోనసీమ. ఉదయం పదకొండింటికి వెళ్లేసరికి పులిహోర కలుపుతున్నారు. ‘పొడి వెయ్యనండీ పులిహోరకి’ అన్నారు, చెయ్యి ఆపకుండానే. గోళీ అంత ముద్దను రాత్రే గ్లాసుడు వేణ్నీళ్లలో నానేశారట. పొద్దునకు నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. చింతపండు గుజ్జు నూనెలో ఉడికి, నూనె పైకి తేలుతుండగా ఆ నీళ్లు పోశారు. గిన్నె ఒక్కసారి బుస్సుమంది. అప్పటిదాకా ఘాటుగా ముక్కు పట్టిన వాసన రెండు నిమిషాల్లో తీరు మార్చుకుంది. కళ్లు మూసుకుంటే ఉల్లిపాయ, వెల్లుల్లి కలిపి వేయించినట్టుంది. ఇంగువ ఘాటుకు మూలం గంధకపు సమ్మేళనాలు. ఉల్లికీ వెల్లుల్లికీ ఆ గుణమిచ్చేవీ ఈ కోవలోవే. వేడి నూనె తగిలితే ఆ కంపు మెత్తబడుతుంది. ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఇళ్లు ఇంగువను ఎందుకు వదలవో చెప్పడానికి వేరే సిద్ధాంతం అక్కర్లేదు.

‘పప్పుకి మాత్రం పొడేనండి. ఆవాలు చిటపటమన్నాక మంట తగ్గించి వేసి, వెంటనే దింపెయ్యాలి. మాడిందంటే చేదు.’ మాగాయకీ మెంతికాయకీ మళ్లీ ముద్దేనట. నూనెలో ముద్దను పొంగేదాకా వేయించి, నూనె పూర్తిగా చల్లారాక పచ్చట్లో పొయ్యాలి. ‘వేడిగా పోస్తే పచ్చడి రంగు పోద్ది’ అన్నారావిడ. వెల్లుల్లి వేసిన ఆవకాయ కూడా అమ్ముతారు కానీ దానికి వేరే గరిట పెట్టారు. ఇంగువ పచ్చడి కొనేవాళ్లు గరిట చూసి అడుగుతారట.

ఇక వైద్యం. అజీర్తికీ, కడుపుబ్బరానికీ ఇంగువ వాడడం ఆయుర్వేదంలోనూ యునానీలోనూ ఉంది. యునానీ హకీములు దీన్ని హిల్తీత్ అంటారు. మన ఇళ్లలో మజ్జిగలో వాముతో కలిపి తాగడం, పసిపిల్లల బొడ్డు చుట్టూ నీళ్లతో రంగరించి రాయడం మామూలే. దీనికి ఆధునిక పరీక్ష ఏదైనా ఉందా అని వెతికితే 2018లో అచ్చయిన చిన్న అధ్యయనం ఒకటి కనిపించింది. అజీర్తితో బాధపడుతున్న 43 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు 250 మిల్లీగ్రాముల ఇంగువ క్యాప్సూళ్లు రోజుకు రెండు చొప్పున 30 రోజులు, రెండో జట్టుకు మందు లేని ఉత్తి క్యాప్సూళ్లు ఇచ్చారు. ఇంగువ జట్టుకు ఉబ్బరం, ఇబ్బంది ఎక్కువగా తగ్గాయి. వాడింది పరీక్ష కోసం ప్రత్యేకంగా తయారుచేసిన రకం. 43 మంది అంటే గట్టి సాక్ష్యం అనలేం, కొట్టిపారేయనూ లేం.

మన డబ్బాతో లెక్క వేద్దాం. చిటికెడు పొడి పావు గ్రాము అనుకుందాం. చట్టం చెప్పిన కనీసపు 5 శాతం ప్రకారం అందులో కరిగే సారం పన్నెండు పదమూడు మిల్లీగ్రాములు. మిగిలిందంతా బంక, మైదా వగైరా. మజ్జిగ తాగాక కడుపు తేలికైందంటే మజ్జిగకు కొంత, వాముకు కొంత మార్కులు వేయాల్సిందే. మా అత్తగారి రోజుల్లో ముద్దను నేతిలో వేయించి వాడేవారు. ఆవిడ చెప్పిన మందూ, నేను పొడి డబ్బాలోంచి తీసి వేసుకునే మందూ పేరుకే ఒకటి. ఆవిడ మాట మీద నాకున్న అనుమానం ఇప్పుడు డబ్బా మీదికి మళ్లింది.

చరిత్ర రాయమని కూడా ఎడిటర్ గారు చెప్పారు కాబట్టి గబగబా చెప్పేస్తాను. గ్రీకులు, రోమన్లు సిల్ఫియం అనే మొక్క పాలను బంగారంలా చూసుకున్నారు. అది అంతరించిపోతుంటే దాని స్థానంలోకి పర్షియా నుంచి ఇంగువ వచ్చింది. రోమన్ వంటల గ్రంథం అపిసియస్‌లో, ఖరీదైన ఆ జిగురు ముక్కను పైన్ గింజల జాడీలో పెట్టి, ఆ వాసన పట్టిన గింజలనే వంటలో వాడుకునే పొదుపు చిట్కా ఉంది. యూరప్ దీనికి దయ్యపు పెంట అని పేరు పెట్టింది. మన ఊళ్లకు పఠాన్ వ్యాపారులు మోసుకొచ్చారు. 1866లో ఈ రెసిన్ నుంచే ఫెరులిక్ ఆమ్లాన్ని వేరుచేశారు. ఇప్పుడది ముఖానికి రాసుకునే ఖరీదైన సీరమ్‌లలో ఉంటుంది. 1918 ఇన్‌ఫ్లుయెంజా రోజుల్లో అమెరికాలో ఇంగువ సంచులు మెడలో వేసుకు తిరిగారు. రోగం ఆగలేదు.

లాహౌల్‌లో మొక్క

ఇంత తింటున్నా ఇంగువ మన పంట కాదు. ఏటా సుమారు 1200 టన్నుల ముడి ఇంగువ దిగుమతి అవుతోందని, దాని ఖరీదు 600 కోట్ల దాకా ఉంటుందని 2020లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) చెప్పింది. వచ్చేది ముఖ్యంగా అఫ్గానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌ల నుంచి. పాలంపూర్‌లోని సీఎస్ఐఆర్ సంస్థ 2018లో ఇరాన్ విత్తనాలు తెప్పించి మొలకెత్తించింది. 2020 అక్టోబర్ 15న హిమాచల్‌లోని లాహౌల్ లోయ, క్వారింగ్ గ్రామంలో తొలి మొక్క నాటారు. చలి, పొడి నేల ఉండాలి. వేరు నుంచి పాలు తీయాలంటే దాదాపు అయిదేళ్లు ఆగాలి. మన మిరప రైతుకు ఈ ఓపిక చెబితే నవ్విపోతాడు.

హింగ్వాష్టకం

శొంఠి, పిప్పలి, మిరియాలు, వాము, సైంధవ లవణం, జీలకర్ర, నల్ల జీలకర్ర, ఇంగువ. ఎనిమిది దినుసులు కాబట్టి అష్టకం. అన్నం మొదటి ముద్దలో నేతితో కలిపి తినాలి. అష్టాంగ హృదయంలో ఉన్న యోగం ఇది. ఇంగువను ముందుగా నేతిలో వేయించి శుద్ధి చేయాలని వైద్యులు పట్టుబడతారు. మందు సీసా మీద ప్రతి దినుసూ ఎంతెంతో రాయాలన్నది నియమం. ఇంట్లో నూరుకునేవాళ్లు పొడి ఇంగువ వేస్తే ఎనిమిది కాస్తా తొమ్మిదవుతాయి. తొమ్మిదోది మైదా.

వీళ్లు జాగ్రత్త

గోధుమ పడని సీలియాక్ రోగులు ఇంగువ డబ్బా వెనక తప్పనిసరిగా చదవాలి. బియ్యప్పిండితో చేసినవీ దొరుకుతాయి. పసిపిల్లలకు కడుపులోకి ఇవ్వకూడదు. ఇంగువ కలిపిన నాటుమందు తాగించిన అయిదు వారాల పసివాడికి రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితి వచ్చిందని 1984లో అమెరికన్ పిల్లల వైద్య పత్రిక ‘పీడియాట్రిక్స్’లో నమోదైంది. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవారు పోపులో చిటికెడుకు మించి మందుగా తీసుకోవాలంటే డాక్టరును అడగాలి.

ముద్ద తెచ్చుకుంటే

వేళ్లతో తుంచకండి, నూనె రాసిన చాకుతో కోయండి. శనగగింజంత ఉండలు చేసి, కాస్త బియ్యప్పిండిలో దొర్లించి గాజు సీసాలో వేయండి. ఆ సీసాను ఇంకో డబ్బాలో పెట్టండి. కాఫీ పొడి ఉన్న అరలో మాత్రం పెట్టకండి.